జావాకు ఆకుపచ్చ సంతకం

చెట్టులేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు. బెజవాడ గవర్నరుపేటలో పందిళ్ళ అనుమతుల డైరెక్టరేట్ అనే ఆఫీసు ఒకటుంది. ఆ ఆఫీసులో ఆముదపు చెట్టు పేరు పినాకపాణి. అక్కడ జావా అనే కంప్యూటరు భాష వచ్చినవాడు అతనొక్కడే. ఎంత వచ్చు అని అడగగలిగినవాళ్ళు లేరు కనుక బాగా వచ్చినట్టే లెక్క. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా, పెద్దసారుగారి ఫోనులో మనవరాలి ఫొటో కనబడకపోయినా అతన్నే పిలిచేవారు. అతను వచ్చి, కళ్ళు సగం మూసి, కాసేపు ఆలోచించి, వైరు ఊడదీసి మళ్ళీ పెట్టేవాడు. సాధారణంగా బాగయ్యేది.

రాష్ట్రంలో ఎవరు వీధిలో పందిరి వేసుకోవాలన్నా, పెళ్ళికి గానీ పేరంటానికి గానీ పెద్దకర్మకి గానీ, ఈ ఆఫీసు అనుమతి ఉండాలి. లేని పందిరిని పోలీసులు పీకించేస్తారు. అనుమతి వెనకటికి కాగితం మీదే ఇచ్చేవారు. దాన్ని రాటకి అంటించేవారు, తెల్లారేసరికి ఏ మేకో వచ్చి నమిలేసేది, పెళ్ళి మాత్రం జరిగిపోయేది. మేకలకి తప్ప ఆ పద్ధతి మీద ఎవరికీ ప్రత్యేకమైన ఆసక్తి లేదు.

అంతా సవ్యంగా సాగిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి కొత్త డైరెక్టరు వామనరావుగారు. ఆయన ఏదో సదస్సుకి వెళ్ళి, భోజనంతో పాటు కాగితరహిత పాలన అనే మాట కూడా పట్టుకొచ్చారు. వచ్చీ రాగానే పినాకపాణిని పిలిచి, అనుమతులన్నీ మెయిల్‌లో పంపడానికి ఎంత కాలం పడుతుందని అడిగారు. పినాకపాణి తన జన్మలో అంతవరకు జావాతో ఒక్క మెయిల్ పంపి ఎరగడు. "అయిదు నిమిషాల పని సార్" అన్నాడు.

దురదృష్టవశాత్తు అది నిజంగానే అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఎవరో నెట్‌లో రాసిపెట్టిన ప్రోగ్రాము దించుకుని, తన లాప్‌టాప్‌లో మీట నొక్కాడు. నిండు సభలో డైరెక్టరుగారి ఫోను టింగుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. వామనరావుగారు పినాకపాణికి శాలువా కప్పి, అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు.

"ఇకమీదట ఈ కార్యాలయము నుండి వెలువడు ఏ అనుమతియైనను, ఏ ఉత్తర్వైనను, మన సర్వరు నుండి మెయిల్ రూపమున మాత్రమే చెల్లుబాటగును. కాగితముపై నున్నది ఉత్తి కాగితముగా పరిగణింపబడును."

ఆ రోజు సాయంత్రం పినాకపాణి ఆ శాలువా తీయకుండానే గుడివాడకి ఫోన్ చేశాడు. గుడివాడలో అతనికి కాబోయే మామగారు సత్యలింగంగారున్నారు. ఆయనకి టెంట్ హౌస్ ఉంది. ఆ ఊళ్ళో ఎవరి పెళ్ళయినా ఆయన షామియానా కింద జరగవలసిందే. ఇప్పుడు సొంత కూతురు సువర్చల పెళ్ళి. మాఘమాసంలో ముహూర్తం. ఇంటి ముందు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పందిరి వెయ్యాలని ఆయన కోరిక. ఇన్నాళ్ళూ దాచుకున్న జరీ అంచు గుడ్డ ఒకటి దాని కోసం బయటికి తీయించారు కూడా. అనుమతి సంగతి మీరేం దిగులు పెట్టుకోవద్దు, ఆ పంపే యంత్రం రాసిందే నేను అన్నాడు పినాకపాణి. పెళ్ళికొడుకు అంతటివాడైనందుకు సత్యలింగంగారు పొంగిపోయి ఆ మాట వీధంతా చెప్పుకున్నారు.

మర్నాడు ఆ ప్రోగ్రామును తన బల్ల దగ్గర్నుంచే సర్వరులో టైపు చేసి మీట నొక్కితే మెయిల్ వెళ్ళలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు దండకంలా దిగాయి. పై వరుసలో మాత్రం విషయం తేటతెల్లంగా ఉంది: క్లాస్ నాట్ ఫౌండ్, అంటే అడిగిన సరుకు దొరకలేదు.

అసలు సంగతి ఏమిటంటే, మెయిల్ పంపడం జావాకి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. వేరే ఎవరో రాసిన లైబ్రరీ అనే మూట ఒకటి పక్కన పెడితే, అందులోంచి కావలసింది తీసుకుని పంపుతుంది. ఆ మూట పినాకపాణి లాప్‌టాప్‌లో ఉంది. ఎప్పుడో ఒక స్నేహితుడు పెట్టిపోయాడు. అది ఉన్నట్టే ఇతనికి తెలియదు కనుక, సర్వరులో లేకపోవచ్చునన్న అనుమానమూ రాలేదు. రెండు గంటలు తల గోక్కున్నాక సంగతి బోధపడింది. ఆ లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సర్వరు గది దాకా వెళ్ళి, తలుపు మీద అద్దం బిగించి ఉన్న సర్క్యులరు ముందు ఆగిపోయాడు.

ఆ సర్క్యులరుకి ఒక చరిత్ర ఉంది. ఇంతకుముందు ఎవరో భజన పాటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి సర్వరుకి తగిలించి వింటుంటే, భజనతో పాటు వైరసు కూడా వచ్చింది. దాంతో ఆ నెల ఒక జిల్లాలో పెళ్ళిళ్ళన్నిటికీ కీర్తిశేషులు ఫలానావారి పెద్దకర్మ సందర్భంగా అని అనుమతులు వెళ్ళాయి. అప్పటి నుంచి బయటి ఫైలు ఏదైనా సరే, గెజిటెడ్ అధికారి 'అసలుకు సరియైన నకలు' అని ఆకుపచ్చ సిరాతో సంతకం చేసిన తర్వాతే సర్వరులోకి వెళ్ళాలి.

ఆఫీసులో గెజిటెడ్ అధికారులు ఇద్దరు. డైరెక్టరుగారు సంతకాలు పెట్టరు, దిశానిర్దేశం మాత్రమే చేస్తారు. రెండోవారు జాయింట్ డైరెక్టరు ఉమాకామేశ్వరిగారు. కన్నకొడుకు మార్కుల మెమో మీద సంతకం పెట్టమంటే అసలు చూపించమని, అది హాస్టల్లో ఉండిపోయిందంటే వెంటనే బస్సెక్కించి వెనక్కి పంపిన మనిషి. లంచం పుచ్చుకోదు, సిఫారసు వినదు, సెలవు పెట్టదు. ఇలాంటివాళ్ళతో వేగడం చాలా కష్టం.

ఆవిడ పెన్‌డ్రైవ్ వంక చూసి, "ప్రింటు తియ్యి పాణీ" అన్నారు.

ఇది మనుషులు చదివే ఫైలు కాదని, మెషీను కోసమని పినాకపాణి మనవి చేసుకున్నాడు.

"నన్ను చదవమని ఎవరూ అనలేదుగా. నేను ధ్రువీకరించేది అర్థాన్ని కాదు, నకలుని."

పినాకపాణి ప్రింటుకి పెట్టాడు. కాగితరహిత పాలన మొదలయ్యాక స్టోర్సులో మిగిలిపోయిన కాగితంలో సగం ఆ ఒక్క లైబ్రరీకే అయిపోయింది. కాగితం నిండా చతురస్రాలు, తలకిందుల ప్రశ్నలు, నెత్తిన రెండేసి చుక్కలున్న అక్షరాలు, మధ్యమధ్య దేనికోసమో ఉన్నట్టుండి ఒక నక్షత్రం. అట్టపెట్టెల్లో పెట్టి తోపుడు బండి మీద తీసుకెళ్ళి ఆవిడ బల్ల ముందు దింపాడు.

"బావుంది. అసలేదీ?"

ఇదే అసలనబోయి, అప్పుడు నకలేదీ అంటుందని భయపడి, పినాకపాణి ఇంకో కాపీ ప్రింటు తీశాడు. చల్లారిన దొంతర మీద అసలు అనీ, వేడిగా ఉన్న దొంతర మీద నకలు అనీ చీటీలు అంటించాడు. కంప్యూటరు చదువు చదివినవాడు చెయ్యదగ్గ పని కాదని అతనికి తెలుసు. ముహూర్తం దగ్గరికొస్తున్నవాడు చెయ్యదగ్గ పని మాత్రం అదే.

అసలునీ నకలునీ సరిచూడటానికి సెక్షనంతా కూర్చుంది. ఒకాయన పైకి చదువుతుంటే ఇంకొకావిడ టిక్కులు పెట్టింది. పెట్టె, పెట్టె, తిరగేసిన ప్రశ్న, వై మీద రెండు చుక్కలు, పెట్టె, నక్షత్రం. ఆ స్వరం విని ఇదేదో శాంతి జపమనుకుని అటెండరు వరండాలోనే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఉమాకామేశ్వరిగారు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు. ఎక్కడా ఒక గీత తగ్గించలేదు. మణికట్టుకి గుడ్డ కట్టుకుని మరీ పూర్తి చేశారు.

ఆ తర్వాత పినాకపాణి పెన్‌డ్రైవ్ పట్టుకుని లేవబోతే ఆవిడ ఆపారు. తాను ధ్రువీకరించింది కాగితాలని మాత్రమే, పెన్‌డ్రైవ్‌లో ఏముందో తనకి తెలియదు, కాబట్టి సర్వరులోకి వెళ్ళవలసింది కాగితాలే అన్నారు. కావలిస్తే స్కాను చేసి పెట్టుకోమన్నారు.

ఇక్కడ నిలబడి, మేడమ్, ఇది అర్థంలేని పని అని చెప్పవలసినవాడు పినాకపాణి ఒక్కడే. కానీ ఒకసారి శాలువా కప్పించుకున్నవాడికి నాకు చేతకావడం లేదన్న మాట గొంతులోంచి ఊడిపడదు. అతను అట్టపెట్టెలన్నీ స్కాను చేసి, ఆకుపచ్చ సంతకాలతో సహా ఆ బొమ్మల్ని సర్వరులో పెట్టి, ఏమో ఏ పుట్టలో ఏ పాముందో అనుకుంటూ మీట నొక్కాడు. ఇదేమి ఫైలో నాకు తెలియడం లేదని జావా నిజాయితీగా ఒప్పుకుంది. ఆ పాటి ధైర్యం తనకి లేకపోయిందే అని పినాకపాణికి బాధ కలిగింది.

గుడివాడ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సత్యలింగంగారికి విషయం ఎలా చెప్పాలో తెలియక, ప్రోగ్రాం ఉందండీ, దానికి ఆధారంగా ఉండాల్సినవి సర్వరులో లేవండీ అన్నాడు.

"అంటే గుడ్డ దింపారు, గుంజలు దింపలేదన్న మాట" అన్నారాయన. "దానికేముంది అల్లుడుగారూ, బండి వెనక్కి పంపి తెప్పించండి. నేనూ ఖాళీగానే ఉన్నా. మీ మెయిల్ రూలొచ్చినకాడి నించీ సామానంతా షెడ్లోనే పడుంది. ఊళ్ళో ఒక్క పందిరి లెగలేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే పినాకపాణికి ఎక్కువ గుచ్చుకుంది.

విషయం డైరెక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన దిశానిర్దేశం చేశారు. కాగితరహితమన్నాక కాగితం మీద సంతకమెందుకు, పెన్‌డ్రైవ్ మీదే పెట్టవచ్చు కదా అన్నారు. పెన్‌డ్రైవ్ మీద గెజిటెడ్ సంతకం పట్టేంత చోటు లేదని ఉమాకామేశ్వరిగారు అభ్యంతరం చెప్పారు. చివరికి దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్క ముద్ర వేసి, గుడ్డ మీద సంతకం పెట్టే పద్ధతి కుదిరింది. మూట కట్టాక అది సర్వరుకి ఎక్కలేదు. విప్పాలంటే సీలు పగలగొట్టాలి, సీలు పగలగొట్టాలంటే పంచనామా జరగాలి, పంచనామాకి సాక్షులు కావాలి. సర్వరు గదిలోకి ఉద్యోగులు కానివారికి ప్రవేశం లేదు, ఉద్యోగుల సాక్ష్యం చెల్లదు. కిటికీ తెరిచి, కింద టీ కొట్టు దగ్గరున్న ఇద్దర్ని అక్కడి నుంచే పైకి చూడమని పంచనామా పూర్తి చేశారు.

ఇంత చేసి లైబ్రరీ పెడితే, జావా ఇంకో పేరు అడిగింది. యాక్టివేషన్ అనే ఇంకో మూట కూడా ఉండాలట. పినాకపాణి లాప్‌టాప్‌లో ఉన్న పాత జావాకి అది కడుపులోనే ఉంది. సర్వరులో ఉన్న కొత్త జావా దాన్ని ఎప్పుడో బయట పారేసింది. జావా గుణమే అంత. ఒకటి లేకపోతే ఆ ఒక్కటే చెబుతుంది. అది తెచ్చి పెట్టాక రెండోది బయటపెడుతుంది. పెళ్ళివారికి కాఫీ ఇచ్చాక పంచదార లేదని తెలిసినట్టు.

కావలసినవన్నీ ఒకేసారి ఎందుకు అడగలేదో సంజాయిషీ ఇవ్వమని ఉమాకామేశ్వరిగారు మెమో ఇచ్చారు. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. కావలసిన మూటల్నీ, ఆ మూటలకి కావలసిన మూటల్నీ తానే వెతికి ఒకే కట్ట కట్టిపెట్టే పనిముట్టు లోకంలో ఉంది. పినాకపాణి జావా నేర్చుకున్న కోచింగ్ సెంటరులో ఆ పాఠం కూడా చెప్పారు. ఆ రోజు ఇతను బిర్యానీకి వెళ్ళాడు.

ఆ కంగారులో యాక్టివేషన్ కోసం నెట్‌లో వెతికి, పైన కనబడిన మొట్టమొదటిదాన్ని దించుకొచ్చాడు. మళ్ళీ లక్క, మళ్ళీ మూట, మళ్ళీ కిటికీ. పెట్టి చూస్తే, లేదు అంటుంది జావా. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటుందేమిటని అతనికి చెమటలు పట్టాయి. తీరా చదివితే తెలిసింది, ఆ లైబ్రరీవాళ్ళు మధ్యలో ఇంటిపేరు మార్చుకున్నారు. పెళ్ళయి ఇంటిపేరు మారిన పిల్లని పుట్టింటి పేరుతో పిలిస్తే పోస్టుమాన్ కూడా తెలియదంటాడు. ఇతని ప్రోగ్రాము పాత పేరుతో పిలుస్తోంది. ఇతను తెచ్చింది కొత్త పేరుది.

ఈ సంగతి నోరు జారి ఉమాకామేశ్వరిగారి ముందు అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"పేరు మారితే గెజెట్‌లో ప్రకటన ఉండాలి. లేదా ఆ పేరూ ఈ పేరూ ఒకరివేనని తహసీల్దారు సర్టిఫికెట్ తీసుకురా."

పినాకపాణి తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. ఇది తనకే నమ్మశక్యంగా లేకపోయినా నిలబడ్డాడు. కౌంటరులో ఉన్నాయన దరఖాస్తు చదివి, పేరు మారినవారు ఈ మండలంలో నివాసముంటున్నట్టు రుజువేదీ అని అడిగాడు. నివాసం లాప్‌టాప్‌లో అని చెప్పవలసి వచ్చింది. ఆ లాప్‌టాప్ ఏ వార్డులో ఉంటుందన్నాడాయన.

ఇంటికొచ్చి కూర్చుని, ఆ లైబ్రరీ దించుకున్న నెట్ పేజీని మొదటిసారిగా కింది దాకా చదివాడు. పాత పేరుతో ఉన్న లైబ్రరీ అదే పేజీలో, నాలుగు వరుసల కింద, అడిగినవాడికి లేదనకుండా కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ రూలు తన పెళ్ళికి అడ్డమొస్తోందని లోలోపల తిట్టుకున్న పినాకపాణికి, అందులో సగం పాపం తనదేనని ఆ క్షణంలో తెలిసింది. తెలిసినందుకు సిగ్గేసింది. ఎవరూ చూడలేదు కదా అని కొంత ఊరట కూడా కలిగింది.

అంతే, పట్టుదల వచ్చింది. కోచింగ్ సెంటరులో మానేసిన పాఠం చదువుకున్నాడు. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సమస్త మూటల్నీ ఒకే కట్టగా కట్టాడు. ఏమీ లేని ఇంకో కంప్యూటరులో పెట్టి నొక్కి చూశాడు. మెయిల్ వెళ్ళింది. ఆ కట్ట పట్టుకుని ఉమాకామేశ్వరిగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ మూట కట్టారు, సంతకం పెట్టారు, ఇన్నాళ్ళకి ఒకేసారి అడిగావు అని మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు పినాకపాణికి దేవుడున్నాడనిపించింది.

కట్టలో ఈసారి ప్రోగ్రాము కూడా ఉంది కనుక, ఇక మిగిలింది డైరెక్టరుగారి ఆమోదం. వామనరావుగారు ఫైలు చూసి, చాలా సంతోషించి, తక్షణమే మంజూరు చేశారు. పినాకపాణి ఫైలు కోసం చెయ్యి చాపాడు.

"కాగితం మీద ఎలా ఇస్తానయ్యా? ఉత్తర్వు మెయిల్‌లో వస్తుంది, వెళ్ళి చూసుకో."

మెయిల్ పంపే ఏర్పాటు సర్వరులో పెట్టుకోమన్న ఉత్తర్వు ఆ సర్వరు నుంచే మెయిల్‌లో రావాలి. వస్తే పెట్టాలి. పెడితే గానీ రాదు. ఈ సంగతి పినాకపాణి మర్యాదగా, మెల్లిగా, రెండు రకాలుగా వివరించాడు. డైరెక్టరుగారు శ్రద్ధగా విన్నారు. తాను తన వంతు మీట నొక్కేశానని, ఇక రాకపోవడానికి కారణమేమిటో సాంకేతిక విభాగమే తేల్చాలని అన్నారు. సాంకేతిక విభాగమంటే పినాకపాణే.

ముహూర్తం ముంచుకొచ్చింది. సువర్చల గుడివాడలో జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతుంది. ఎదుటివాళ్ళు చెప్పేది ఆఖరి దాకా విని, ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడిగే అలవాటుంది. ఫోన్‌లో పినాకపాణి చెప్పిందంతా విని, "మరి మా నాన్నకి మీరు మాటిచ్చారు కదండీ" అంది. ఆయన రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి ఆ జరీ గుడ్డ దులిపి మళ్ళీ మడత పెట్టి వస్తున్నారని, పందిరి సంగతి ఎవరైనా అడిగితే మా అల్లుడుగారు చూసుకుంటారని చెబుతున్నారని చెప్పింది. ఆ పెద్దాయన వీధిలో తలదించుకుంటే దానికి కారణం తానే. ఇది వైరు తీసి మళ్ళీ పెడితే బాగయ్యేది కాదు.

రెండు రోజుల తర్వాత సువర్చల శుభలేఖ పట్టుకుని డైరెక్టరేట్‌కి వచ్చింది. తిన్నగా ఉమాకామేశ్వరిగారి గదికి వెళ్ళి బొట్టు పెట్టి కార్డు ఇచ్చింది. పక్కన పినాకపాణి గోడలో కలిసిపోయి నిలబడ్డాడు.

"అనుమతి గురించైతే నేనేమీ చెయ్యలేనమ్మా" అన్నారావిడ ముందుగానే.

"అనుమతి అడగడానికి రాలేదు మేడమ్. మీ రూల్సులో పందిరి అంటే ఏమిటో రాసుంటుంది కదా. అది వినాలని."

ఉమాకామేశ్వరిగారు ఆ పిల్ల మొహంలోకి కాస్సేపు చూశారు. తర్వాత బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి, పేజీ వెతికి, ప్రతి మాటా విడివిడిగా చదివారు.

"పందిరి అనగా, నేలయందు పాతబడిన లేదా నేలకు బిగింపబడిన గుంజలపై నిలుచు తాత్కాలికమైన కప్పు."

చదివి పుస్తకం మూసేశారు. "నేను చదివాను, నువ్వు విన్నావు. సలహా మాత్రం ఏమీ ఇవ్వలేదు" అన్నారు. సువర్చల నమస్కారం పెట్టి లేచింది. ఆ మాటలో ఏముందో పినాకపాణికి బస్టాండు దాకా వెళ్ళాక గానీ తట్టలేదు.

పెళ్ళినాడు గుడివాడలో ఆ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి జరీ అంచు షామియానా లేచింది. నేలలో ఒక్క గుంజ పాతలేదు. గుంజలన్నీ మనుషుల చేతుల్లో ఉన్నాయి. టెంట్ హౌస్ కుర్రాళ్ళు, సువర్చల కాలేజీ లెక్చరర్లు, పినాకపాణి మేనత్త కొడుకులు, డైరెక్టరేట్‌లో పెట్టె పెట్టె అని చదివినాయన, టిక్కులు పెట్టినావిడ, అందరూ వరుసగా నిలబడి తలో గుంజా పట్టుకున్నారు. ఒకరికి చెయ్యి నొప్పెడితే పక్కవాళ్ళు అందుకుంటున్నారు. గాలొచ్చినప్పుడు అందరూ కలిసి ఒక అడుగు తూర్పుకి జరిగారు, పురోహితుడు కూడా జరిగాడు. వామనరావుగారు ఒక మూల గుంజ పట్టుకుని, ఇది ప్రజా భాగస్వామ్యమని, దీన్ని గుంజరహిత పందిరిగా రాష్ట్రమంతటా విస్తరించవచ్చునని పక్కవాడికి దిశానిర్దేశం చేస్తున్నారు. ముందువైపు మధ్య గుంజ మాత్రం సత్యలింగంగారు ఎవరికీ ఇవ్వలేదు. బరువంతా దాని మీదే ఉంది.

ఊరి ఎస్సై జీపు దిగి, లోపలంతా తిరిగి, గుంజల అడుగున కన్నాల కోసం వంగి వంగి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అతనికీ విసుగేమీ కలిగినట్టు లేదు. పైకి చూస్తే గుడ్డ ఉంది, కింద చూస్తే పునాది లేదు. ఇది పందిరి అవునో కాదో మీ ఆఫీసే తేల్చి రిపోర్టు పంపాలని, అప్పుడే ఆటో దిగుతున్న ఉమాకామేశ్వరిగారికి చెప్పి భోజనాల వైపు వెళ్ళాడు. ఆవిడ సెలవు పెట్టలేదు. తనిఖీ మీద వచ్చారు.

కన్యాదానం సమయమైంది. పురోహితుడు పిల్ల తండ్రిని పిలిచాడు. సత్యలింగంగారు కదల్లేదు. కదిలితే మధ్య గుంజ వాలిపోతుంది, అది వాలితే జరీ గుడ్డంతా పెళ్ళికూతురి మీదికి వస్తుంది. ఆయన అటూ ఇటూ చూశారు. ప్రతివాడి చేతిలోనూ గుంజ ఉంది. పీటల మీద కూర్చున్న పినాకపాణి లేవబోతే ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు.

ఉమాకామేశ్వరిగారు చేతిసంచీ కింద పెట్టి, కొంగు నడుముకి చుట్టి, వెళ్ళి ఆ గుంజ అందుకున్నారు.

"మీరు వెళ్ళండి సత్యలింగంగారూ. నేను పట్టుకుంటాను."

వెనకటికైతే ఒక్క సంతకంతో తీరిపోయే పనికి ఆవిడ రెండు చేతులూ పెట్టి నిలబడ్డారు. కాళ్ళు కడిగేదాకా, జీలకర్ర బెల్లం అయ్యేదాకా, తాళి కట్టేదాకా, తలంబ్రాలు అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు. చేతులు ఖాళీ లేక అక్షింతలు కూడా వెయ్యలేకపోయారు. చెమట చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. పినాకపాణి ఆవిడ మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

సందడి సద్దుమణిగాక సత్యలింగంగారు కండువాతో మొహం తుడుచుకుంటూ వచ్చి గుంజ తిరిగి తీసుకున్నారు. రిపోర్టులో ఏమని రాస్తారమ్మా అని అడిగారు. ఉన్నదే రాయాలి కదా, ఈ స్థలంలో పందిరి ఏదీ లేదని రాస్తానన్నారు ఆవిడ. ఇంకోలా రాస్తే పీకించవలసి వస్తుంది.

సత్యలింగంగారు తలెత్తి జరీ అంచు వంక చూశారు.

"ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ పందిరి నేనే వేశానమ్మా. నా కూతురి పెళ్ళికి పందిరి లేదని కాగితం మీద రాస్తారా?"

"కాగితం మీద రాయడానికి వీల్లేదండీ" అన్నారు ఉమాకామేశ్వరిగారు, పొక్కులెక్కిన అరచేతులు చూసుకుంటూ. "రూలు ప్రకారం మన సర్వరు నుంచి మెయిల్‌లోనే పంపాలి."

సత్యలింగంగారికి ఆ మాట అందడానికి క్షణం పట్టింది. తర్వాత ఆయన మీసాల్లో నవ్వుకుంటూ అల్లుడి వైపు తిరిగారు. సువర్చల కూడా తిరిగి చూసింది. తన ప్రోగ్రాము పనిచెయ్యనందుకు పినాకపాణి ఆ రోజు పడినంత గర్వం, అది పనిచేసి శాలువా కప్పించుకున్న రోజున కూడా పడలేదు.